రెండు గడుల శాంతి

ఉద్యోగం మానేశాక నా చేతికి మైకు ఇచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు. సింగపూర్‌లో, సెంబవాంగ్‌లోని మా ఫ్లాట్ల బ్లాకు కింద తెలుగువాళ్ళం కలిసినప్పుడల్లా కొత్తగా వచ్చిన పిల్లలెవరో ఒకరు అడుగుతారు: “ఆంటీ, మీ కెరీర్‌లో బెస్ట్ ప్రాజెక్ట్ ఏది?” ఒక బ్యాంకు ప్రాజెక్టు గురించి చెప్పి తప్పించుకుంటాను. కానీ నాకు బహుమతి తెచ్చిపెట్టింది అది కాదు. బహుమతి వచ్చిన ప్రాజెక్టులో కోడు చక్కగా నడిచింది, గడువుకు ముందే అప్పగించాం, క్లయింటు సంతోషించాడు. కొంతమంది మనుషులకు మాత్రం ఇళ్ళు పోయాయి. మీలో చాలామంది రేపోమాపో ఏదో ఒక ప్రభుత్వానికి ఏదో ఒక ఫారం తయారు చేయబోతున్నారు కాబట్టి ఇది రాస్తున్నాను.

వైటూకే గండం గడిచిన కొత్త. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ కుప్పకూలతాయని చెప్పి మమ్మల్ని వందలకొద్దీ తెప్పించుకున్నారు. అవి కూలలేదు. సైన్స్ పార్క్‌లో మా కంపెనీ నిండా పనిలేని ప్రోగ్రామర్లు మిగిలిపోయారు. అలాంటి సమయంలో ఎక్కడెక్కడి పనైనా సరే అని మా మేనేజర్ వేసిన టెండర్లలో ఒకటి తగిలింది. యూరప్ అంచున, కొండల మధ్య ఒక చిన్న ప్రాంతం. పేరు చెప్పను. యుద్ధం ఆగి మూడేళ్ళయింది. ఇళ్ళు వదిలి పారిపోయినవాళ్ళు తిరిగి తమ ఇళ్ళకు వెళ్ళడానికి దరఖాస్తులు పెట్టుకుంటున్నారు. ఆ దరఖాస్తుల జాబితా నడిపే సాఫ్ట్‌వేర్ మేం రాయాలి.

అక్కడ కొట్టుకున్నవి రెండు జాతులు. నేను వాళ్ళను కొండవాళ్ళు, ఏటివాళ్ళు అంటాను. ఈ పేర్లు నేను పెట్టినవే, ఎవరి మనసూ నొప్పించకుండా. ఇద్దరిదీ ఒకటే భాష. ఒకరు ఒక లిపిలో రాస్తారు, రెండోవాళ్ళు ఇంకో లిపిలో. దాన్నే రెండు భాషలని చెప్పుకుంటారు.

ఫారం డిజైన్ నాది. ఇక్కడ మొదటి తప్పు చెప్పాలి, అదీ నాదే. పేరు, పుట్టిన ఊరు, ఇంటి చిరునామా, జాతి. సింగపూర్‌లో ఏ ఫారం చూసినా ఆ నాలుగో గడి ఉంటుంది గదా అని ఆలోచించకుండా పెట్టేశాను. కొండ, ఏరు, ఇతరులు. పక్కన ఎర్ర చుక్క, అంటే నింపకపోతే ముందుకు పోనివ్వదు. అది ఎందుకు కావాలని నన్ను ఎవరూ అడగలేదు. ఇంటి పత్రం ఉన్నవాడికి ఇల్లు ఇవ్వడానికి వాడి జాతితో పనేమిటని నేనూ ప్రశ్నించుకోలేదు. నన్ను ఇక్కడ ఇరవై చోట్ల ఇండియన్ అనే గడిలో వేశారు, నాకేమీ కాలేదు. వాళ్ళకూ కాదనుకున్నాను.

సాఫ్ట్‌వేర్ సగం అయ్యాక రెండు పక్షాలనూ, మధ్యవర్తులనూ రెండు వారాలపాటు సింగపూర్ రప్పించారు. ఎందుకిక్కడికి అంటే, రకరకాల జాతులు వరసలో నిలబడి బతికే ఊరు చూస్తే బుద్ధి వస్తుందని మధ్యవర్తుల ఆశ. ఒక్కో పక్షం నుంచి ఆరుగురు. మధ్యలో శాంతి సంఘం అధ్యక్షుడు, ఎన్నో దేశాల్లో శాంతి నెలకొల్పి అలసిపోయిన ఒక పొడుగాటి దౌత్యవేత్త. మాట్లాడే ముందు చేతి గడియారం విప్పి బల్లమీద పెట్టేవాడు. సమయం వృథా కానివ్వడని మొదటిరోజు అనుకున్నాం. మూడోరోజుకు తెలిసింది, అది తను చూసుకోవడానికి కాదు, మాకు చూపించడానికి.

ఆయన నన్ను మొదటిసారి పలకరించింది టీ దగ్గర.

“మీరు తమిళులా?”

“కాదండీ, తెలుగు.”

“అంటే తమిళంలో ఒక రకమా?”

కాదన్నాను. ఆయన తల పంకించి, “అద్భుతం, అద్భుతం” అన్నాడు. ఈయన రెండు జాతుల మధ్య సరిహద్దు గీసి వచ్చాడు.

దుబాసీలు ఇద్దరు ఉండాలని రెండు పక్షాలూ పట్టుబట్టాయి. అధ్యక్షుడు ఇంగ్లీషులో ఒక మాట అంటాడు. మొదటి దుబాసీ దాన్ని వాళ్ళ భాషలోకి మారుస్తాడు. పన్నెండుమందికీ అర్థమవుతుంది. ఆ తర్వాత రెండో దుబాసీ లేచి, అదే వాక్యాన్ని అవే మాటలతో మళ్ళీ చెబుతాడు. సభ రెండోసారి కూడా గంభీరంగా వింటుంది. వాళ్ళ భాష నాకు ఒక్క ముక్క రాదు, అయినా రెండు వాక్యాలూ ఒకటేనని నా చెవికే తెలిసింది. అధ్యక్షుడికి తెలియలేదో, తెలిసీ ఊరుకున్నాడో. ఊరుకోవడమే ఆయన ఉద్యోగమని తర్వాత అర్థమైంది.

మొదటి వారమంతా ఒక్క విషయం మీద గడిచింది. జాతి గడిలో ఎవరి పేరు పైన ఉండాలి? అక్షర క్రమం పెట్టండి అన్నాను. ఏ లిపిలోని అక్షర క్రమం అన్నారు. పక్కపక్కనే పెడదామన్నాను. ఎడమవైపు ఎవరు అన్నారు. చివరికి మా టీమ్‌లో ఉన్న నల్గొండ అబ్బాయి ఒక ఉపాయం చెప్పాడు. పిల్లవాడేం కాదు, ముప్పై దాటినవాడు, నాకంటే మంచి ప్రోగ్రామర్. “అక్కా, స్క్రీన్ తెరిచినప్పుడల్లా ఒకపారి వీళ్ళు మీదొస్తరు, ఇంకోపారి వాళ్ళొస్తరు. రాండమ్‌గ పెడదాం. ఖతం.”

అధ్యక్షుడు ఎంత సంతోషించాడంటే, దానికి సింగపూర్ సూత్రం అని పేరు పెట్టి తన నోటు పుస్తకంలో రాసుకున్నాడు. మర్నాడు పొద్దున కొండవాళ్ళ నాయకుడు ఒక కాగితం పట్టుకొచ్చాడు. ఆయన తన మనిషిచేత స్క్రీన్ వందసార్లు తెరిపించి లెక్క వేయించాడు. ఏటివాళ్ళు యాభై మూడుసార్లు పైన వచ్చారు. ఇది కుట్ర.

నల్గొండ అబ్బాయి ఆ కాగితం కేసి చూసి, నా చెవిలో, “యుద్ధం ఎట్లయిందో ఇప్పుడు సమజైతుందక్కా” అన్నాడు. సాయంత్రానికల్లా వంతులవారీగా వచ్చేట్టు మార్చి ఇచ్చాడు. అందరం నవ్వుకున్నాం. మా మేనేజర్, ఇక్కడే పుట్టి పెరిగిన చైనీస్ ఆయన, అందరికీ చికెన్ రైస్ తెప్పించి, “ముందు మకాన్, తర్వాత పాలిటిక్స్ లా” అన్నాడు. మకాన్ అంటే మలేలో తిండి, చివరి ‘లా’ ఇక్కడివాళ్ళ ఊతపదం. మంచివాడే. మేం అందరం మంచివాళ్ళమే. అది మీరు గుర్తుపెట్టుకోవాలి.

ఏటివాళ్ళ బృందంలో ఒకే ఒక్క ఆడమనిషి ఉండేది. నలభై ఏళ్ళుంటాయి. వాళ్ళ ఊరి భూమి పత్రాల ఆఫీసులో గుమాస్తా. ఉపన్యాసాలు ఇవ్వడానికి ఐదుగురుంటే, పని తెలిసిన మనిషి ఒకరుండాలి కదా అని తీసుకొచ్చారు. మేం ముందే పంపిన ఫారం కాగితాలమీద వాళ్ళ ఊరి జనం నింపి ఇచ్చిన అసలు దరఖాస్తులన్నీ తనే టైపు చేసి, ఒక సీడీలో ఎక్కించి, ఖాళీ బిస్కెట్ల డబ్బాలో పెట్టి తెచ్చింది. మా పరీక్షలన్నీ ఆ సీడీతోనే చేశాం. మీటింగుల్లో ఆమెను ఎవరూ ఏమీ అడిగేవాళ్ళు కారు. మా దగ్గరికి వచ్చి కూర్చుని, స్క్రీన్ మీద ఒక్కో పేరు చూపించి, “ఈయన చనిపోయాడు, కొడుకు పేరు పెట్టాలి. ఈ ఇంటికి రెండు నంబర్లు ఉన్నాయి, పాతది తీసెయ్యాలి” అని చెప్పేది. ప్రతి ఇల్లూ ఆమెకు తెలుసు.

ఆదివారం అందరినీ బస్సులో ఊరు చూపించడానికి తీసుకెళ్ళారు. ఆమె వెళ్ళనంటే మా ఇంటికి భోజనానికి పిలిచాను. పప్పు, వంకాయ కూర, పెరుగు. కారం తగ్గించే చేశాను, అయినా కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ ఇంకా వేయించుకుంది. అప్పుడు మా అమ్మాయికి పదకొండేళ్ళు. హోంవర్కు ముందేసుకుని కూర్చుంది. అదేమిటని ఆమె అడిగింది.

“తమిళ్” అంది మా అమ్మాయి.

“మీ భాషా?”

“నో లా. ఇంట్లో తెలుగు. స్కూల్లో తమిళ్ తీసుకున్నా.”

“మరి ఫారంలో ఏమని రాస్తావు?”

“ఇండియన్. ఈజీ వాట్. చైనీస్, మలే, ఇండియన్, అదర్స్. ఫోర్ ఓన్లీ.”

“ఇతరులు కూడా ఉందా?”

“ఆఫ్‌కోర్స్ గాట్!”

 ఆమె నావైపు తిరిగి, తనకు వచ్చిన కొద్దిపాటి ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పింది. “మా నాన్న కొండ. అమ్మ ఏరు. యుద్ధానికి ముందు ఎవరూ అడగలేదు. యుద్ధంలో అందరూ అడిగారు. ఇప్పుడు మీ కంప్యూటర్ అడుగుతోంది.”

నేను వెంటనే సర్దిచెప్పాను. ఇతరులు అనే గడి ఉంది కదా, అందులోకి వెళ్ళండి, అందరికీ చోటుంది అని. “అవును, అదొకటి పెట్టారు, మంచిపని చేశారు” అంది. తన దరఖాస్తులోనూ, తన అన్న దరఖాస్తులోనూ అదే రాసిందట. వాళ్ళ ఊళ్ళో అలాంటి సంసారాలు చాలా ఉన్నాయి. రెండు జాతుల మధ్య పెళ్ళిళ్ళు చేసుకున్నవాళ్ళు, వాళ్ళ పిల్లలు, రెండింటికీ చెందని చిన్నచిన్న తెగలవాళ్ళు. అందరూ ఆ మూడో గడిలోకే వచ్చారు.

రెండో వారం మంగళవారం ఆ గడి పోయింది.

ఎలా పోయిందో చెబుతాను. తిరిగి వచ్చినవాళ్ళ సంఖ్యను బట్టి ఊరి మునిసిపాలిటీలో సీట్లు పంచాలని ఒప్పందంలో ఉంది. ఇతరులు అనే పేరుతో ఏటివాళ్ళు తమ మనుషుల్ని దాచి దొడ్డిదారిన తెస్తున్నారని కొండవాళ్ళ అనుమానం. సరిగ్గా అదే అనుమానం ఏటివాళ్ళకు కొండవాళ్ళ మీద. మధ్యాహ్నం మూడింటికి కొండవాళ్ళ నాయకుడు లేచి, ఇతరులు అనే జాతి ఏదీ తమ దేశంలో లేదన్నాడు. ఏటివాళ్ళ నాయకుడు లేచి, జీవితంలో మొదటిసారి తను ఎదుటి పక్షంతో ఏకీభవిస్తున్నానన్నాడు. ఇద్దరు దుబాసీలూ ఒకేసారి తర్జుమా చేశారు. అధ్యక్షుడు కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాడు. ఆ గదిలో రెండు పక్షాలూ కలిసి ఒప్పుకున్న మొట్టమొదటి మాట అది. ఒకరినొకరు చంపుకున్నవాళ్ళు చేతులు కలిపారు, మూడోవాడు లేడని.

గుమాస్తా చివరి వరసలో కూర్చుని ఉంది. తల ఎత్తలేదు.

నాకు వచ్చిన ఆదేశం ఒక్క వాక్యం. జాబితాలోంచి మూడో ఎంపిక తీసెయ్యండి. ఐదు నిమిషాల పని. నల్గొండ అబ్బాయికి చెప్పాను, తీసేశాడు.

శుక్రవారం చివరి పరీక్ష. సైన్స్ పార్క్‌లో మా పెద్ద హాల్లో అందరి ముందూ సాఫ్ట్‌వేర్ నడిపి చూపించాలి, తర్వాత సంతకాలు, తర్వాత పత్రికలవాళ్ళు. సాయంత్రం అధ్యక్షుడికి విమానం. పొద్దున ఎనిమిదింటికి నేను కుర్చీలో కూర్చోకముందే నల్గొండ అబ్బాయి వచ్చాడు.

“అక్కా, జర ఇటొచ్చి చూడున్రి.”

“ఏమైందప్పా?”

“లోడయితే అయింది. సక్సెస్ అని మెసేజ్ గూడ వచ్చింది. కానీ నూట పన్నెండు రికార్డులు రిజెక్ట్ ఫైల్ల వడ్డయి. ఎవరివో ఎరుకేనా? మొత్తం ఆ మేడమ్ వాళ్ళ ఊరియే.”

చూశాను. మూడో గడి తీసేశాం కానీ ఆ గడి రాసినవాళ్ళ దరఖాస్తులు అలాగే ఉన్నాయి. ప్రోగ్రామ్ వాటిని చూసింది, ఇలాంటి జాతి లేదంది, పక్కకు నెట్టింది. స్క్రీన్ మీద మాత్రం విజయవంతంగా పూర్తయిందని చెప్పింది. పక్కకు నెట్టిన సంగతి స్క్రీన్ మీద చూపించనక్కర్లేదని డిజైన్‌లో రాసింది నేనే. చూడటానికి బాగుండదని. ఇది నా రెండో తప్పు.

అంతటితో అయిపోతే ఏదో బగ్ అనుకోవచ్చు. కానీ ఒప్పందంలో ఇంకో వాక్యం ఉంది. గడువు రోజుకు జాబితాలోకి ఎక్కని ఇళ్ళు హక్కుదారు లేని ఇళ్ళవుతాయి, వాటిని మునిసిపాలిటీలు తమకు నచ్చినవాళ్ళకు ఇచ్చుకోవచ్చు. గడువుకు ఇంకా రెండు నెలలే ఉన్నాయి.

మేనేజర్ దగ్గరికి పరిగెత్తాను. ఆయన టై కట్టుకుంటున్నాడు.

“వాళ్ళు ఒప్పుకున్న స్పెక్‌లో ఎన్ని జాతులున్నాయి?”

“రెండు.”

“మన ప్రోగ్రామ్‌లో?”

“రెండు. కానీ...”

“అది వాళ్ళ యుద్ధం, మన బగ్ కాదు లా. ఇవాళ సంతకం పెట్టనీ. తర్వాత చేంజ్ రిక్వెస్ట్ వేసుకోమను.”

టీ దగ్గర అధ్యక్షుడిని పట్టుకున్నాను. ఓపిగ్గానే విన్నాడు. విని, గొంతు తగ్గించి, చంటిపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. “మేడమ్, పదిహేను రోజుల్లో ఈ రెండు పక్షాలూ ఒప్పుకున్నది ఈ ఒక్క వాక్యం. దీన్ని మీరు కదిపితే మిగతావన్నీ కదులుతాయి.”

“నూట పన్నెండు కుటుంబాలండీ. ఒక్క ఊళ్ళోనే.”

“వాళ్ళ గురించి తర్వాతి దశలో తప్పకుండా ఆలోచిస్తాం.”

“తర్వాతి దశకు వాళ్ళ ఇళ్ళల్లో వేరేవాళ్ళుంటారు.”

“మీరు టెక్నికల్ మనిషి” అన్నాడు నవ్వుతూ. “శాంతి అనేది కొంచెం అస్పష్టంగా ఉంటేనే నిలబడుతుంది.” చేతిలోని కప్పు అక్కడ పెట్టి, హాల్లోకి వెళ్ళి, గడియారం విప్పి బల్లమీద పెట్టాడు.

పదింటికి నేనే నడిపాను. సీడీ పెట్టాను, మీట నొక్కాను. తెరమీద రెండు లిపుల్లో ఒకే మాట వచ్చింది: విజయవంతంగా పూర్తయింది. చప్పట్లు. ఒక్కో పక్షం నుంచి ఒకరు వచ్చి కంప్యూటర్‌లో ఏదైనా ఒక పేరు వెతికి చూడాలి. కొండవాళ్ళ నాయకుడు తన పేరు వెతికాడు. వచ్చింది. సంతోషించాడు. ఏటివాళ్ళ తరఫున కంప్యూటర్ తెలిసిన మనిషి అని గుమాస్తాను పంపారు.

ఆమె తన పేరు కొట్టింది. పెద్ద తెరమీద అందరికీ కనబడేట్టు వచ్చింది: ఈ పేరుతో దరఖాస్తు లేదు.

మళ్ళీ కొట్టింది, అక్షరం అక్షరం చూసుకుంటూ. లేదు. ఇంటి నంబరు కొట్టింది. ఈ ఇంటికి దరఖాస్తు లేదు. ఆమె చెయ్యి ఎత్తింది. వాళ్ళ నాయకుడు ముందు వరసలోంచి ఏదో గట్టిగా గుసగుసలాడాడు, ఏమిటో ఏ దుబాసీ తర్జుమా చేయలేదు. ఆమె చెయ్యి దించలేదు. అధ్యక్షుడు నావైపు చూశాడు. మేనేజర్ నావైపు చూశాడు. ఆమె కూడా నావైపే చూసింది.

ఇక్కడ నేను లేచి నిజం చెప్పానని రాస్తే మీకు బాగుంటుంది. నాకూ బాగుంటుంది. నేను మైకులో అన్నది ఇది: “అది డేటాలో చిన్న సమస్య. చూస్తాం.”

ఆమె చెయ్యి దించింది. వేరే ఎవరిదో పేరు కొట్టింది, వచ్చింది. అధ్యక్షుడు మంచిదన్నాడు. పరీక్షలన్నీ నెగ్గినట్టు ఉన్న కాగితం మీద, డిజైనర్ అని రాసి ఉన్నచోట, నేను సంతకం పెట్టాను. ఆ పని చేస్తున్నప్పుడు నాకు ఏమనిపించిందని అడిగితే, ఆకలేసింది. పొద్దున ఏమీ తినలేదు. అంతే గుర్తుంది.

మధ్యాహ్నం హోటల్ ముందు బస్సు ఆగి ఉండగా నేనూ నల్గొండ అబ్బాయీ వెళ్ళాం. దారంతా అతను నాకంటే రెండడుగులు ముందే నడిచాడు. రిజెక్ట్ ఫైలు మొత్తం ప్రింటు తీసి తెచ్చాడు, మూడు పేజీలు. క్లయింటు డేటా బయటికి ఇస్తే ఉద్యోగం పోతుంది. దాన్ని ఆమె బిస్కెట్ల డబ్బాలో పెట్టాను. నేను ఆ ప్రాజెక్టులో చూపించిన ధైర్యమంతా ఆ మూడు పేజీలే. వాటితోపాటు ఒక సలహా కూడా ఇచ్చాను, దానికి ఇప్పటికీ సిగ్గుపడతాను. “ఇందులో ఉన్న అందరికీ చెప్పండి. గడువులోపల మళ్ళీ దరఖాస్తు పెట్టమనండి. రెండిట్లో ఏదో ఒకటి రాసెయ్యమనండి.”

“ఏదో ఒకటి” అంది ఆమె. వెటకారం లేదు. సరిగా విన్నానా అని చూసుకుంటున్నట్టు అంది. తర్వాత నల్గొండ అబ్బాయికి చెయ్యి ఇచ్చి, నాకు తల ఊపి, బస్సెక్కింది.

అతను మర్నెలలో ఉద్యోగం మారాడు. వెళ్ళేటప్పుడు, “అక్కా, మీరొక్కరే గాదు, నేను గూడ నోరు తెర్వలే” అన్నాడు. నన్ను ఓదార్చడానికి అన్నాడో, తన బరువు తను చెప్పుకున్నాడో తెలియదు. ఆ ఏడాది మా ప్రాజెక్టుకు కంపెనీలో ఉత్తమ ప్రాజెక్టు బహుమతి వచ్చింది. నాకు ప్రమోషన్ వచ్చింది. ఆ రెండూ తీసుకున్నాను.

ఆమె అప్పుడప్పుడు ఈమెయిల్ రాసేది. పొడిపొడిగా, పత్రాల ఆఫీసు భాషలో. ఆ మూడు పేజీలు పట్టుకుని శరణార్థుల శిబిరాలన్నీ తిరిగిందట. ఎక్కువమంది విన్నారు. భార్యాభర్తలు కూర్చుని ఇల్లు ఎవరి జాతిలో పెడదామని మాట్లాడుకున్నారు. కొందరు పోట్లాడుకున్నారు. ఒక ముసలాయన, బడిపంతులు చేసినవాడు, తను ఇన్నేళ్ళు ఏ గడిలోనూ లేడని, చచ్చేముందు దూరనని చెప్పి కాగితం తిరిగి ఇచ్చేశాడు. ఆయన ఇల్లు మునిసిపాలిటీ ఎవరికో ఇచ్చింది. ఆయన లాంటివాళ్ళు ఆ ఊళ్ళో పంతొమ్మిదిమంది అని రాసింది. మిగతా ఊళ్ళల్లో ఇలాంటి మూడు పేజీలు ఎవరూ ఇవ్వలేదు కాబట్టి అక్కడ ఎందరో నాకు తెలియదు. తెలుసుకునే ప్రయత్నమూ చేయలేదు.

తన గురించి చివర్న రెండు వాక్యాలు రాసింది. తండ్రి కట్టిన ఇల్లు తనకూ అన్నకూ చెరిసగం. ఏ పక్షం గెలుస్తుందో తెలియదు కాబట్టి, ఇల్లు ఎటూ పోకుండా అన్న కొండ అని రాశాడు, తను ఏరు అని రాసింది.

రెండేళ్ళ తర్వాత అధ్యక్షుడు మళ్ళీ సింగపూర్ వచ్చాడు. ఈసారి రాఫెల్స్ ప్లేస్‌లో ఒక పెద్ద భవనంలో, బ్యాంకులవాళ్ళూ కంపెనీలవాళ్ళూ భోజనం చేస్తూ వినే ఉపన్యాసానికి. విషయం: టెక్నాలజీ ద్వారా శాంతి. మా మేనేజర్ నన్ను కూడా తీసుకెళ్ళాడు. చేపముక్క తింటూ విన్నాం. సింగపూర్ సూత్రం గురించి చెప్పాడు. రెండు జాతుల్ని లెక్కించగలిగితేనే కలపగలమని చెప్పాడు. తర్వాత ఒక ఫొటో వేశాడు. కొండ వాలులో ఒక రెండంతస్తుల ఇల్లు. గోడలు లేచాయి, పైకప్పు ఇంకా లేదు. తలుపు పక్కన రెండు పేరుపలకలు, ఒక్కోటి ఒక్కో లిపిలో. ఇంటి ముందు ఒక మగమనిషి, పక్కన మా గుమాస్తా.

“యుద్ధానికి ముందు ఇది ఊహించలేం” అన్నాడు. “ఒక కొండ పురుషుడు, ఒక ఏటి స్త్రీ. ఒకే కప్పు కింద. మన జాబితాలో ఇలాంటి మిశ్రమ గృహాలు పెరుగుతున్నాయి.”

వాళ్ళిద్దరూ యుద్ధానికి చాలా ముందే ఆ ఇంట్లో పుట్టి పెరిగిన మనుషులు. ప్రశ్నలు ఉన్నాయా అని అడిగారు. నేను లేచాను. రెండేళ్ళ కిందట లేవాల్సిన మనిషిని, అప్పుడు లేచాను. 

“సార్, ఆ ఇద్దరూ అన్నాచెల్లెళ్ళు. ఒకే తల్లి కడుపున పుట్టినవాళ్ళు. వాళ్ళు మూడో గడిలో ఉండేవాళ్ళు. మీరు ఆ గడి తీయించారు కాబట్టి, ఇల్లు కాపాడుకోవడానికి చెరోవైపు రాశారు.”

హాల్లో ఫోర్కుల చప్పుడు ఆగింది. ఆయన ఫొటో వైపు చూశాడు, నావైపు చూశాడు.  తర్వాత ముఖం విప్పారింది.

“అయితే మరీ మంచిది” అన్నాడు. “మనం మామూలుగా సోదరభావం అంటాం. ఇక్కడ నిజంగానే ఉంది.”

అందరూ నవ్వారు. చప్పట్లు కొట్టారు. నా పక్కన మేనేజర్ కూడా కొట్టాడు, నా మోచెయ్యి పట్టుకుని కూర్చోబెడుతూ, “నైస్ లా, మంచి పాయింట్” అన్నాడు. నేను ఆయనను పొగిడాననుకున్నారు.

అదే రోజు ఆమెకు అంతా పూసగుచ్చినట్టు రాశాను. ఆలస్యమైనా, నలుగురిలో లేచి నిజం చెప్పానని రాశాను. ఆమె మెచ్చుకుంటుందని ఆశపడ్డాను, దాచుకోవడమెందుకు. మర్నాడు పొద్దున ఆఫీసుకు వెళ్ళేసరికి జవాబు వచ్చి ఉంది. ఎప్పుడూ అంత త్వరగా రాసేది కాదు.

“దయచేసి ఈ సంగతి ఇంకెక్కడా చెప్పకు. మిశ్రమ గృహాలకు దాతలు పైకప్పు వేయిస్తున్నారు. అన్నాచెల్లెళ్ళమని తెలిస్తే మమ్మల్ని పథకంలోంచి తీసేస్తారు. మా మునిసిపాలిటీ ఆయన వచ్చేవారం పరిశీలనకు వస్తున్నాడు. ఆయన ముందు అన్నను నేను మిస్టర్ అని పిలవాలి, అలవాటు చేసుకుంటున్నాను. రెండుసార్లు నవ్వు వచ్చి ఆపేశాం.”

ఆ ఇంటికి పైకప్పు వేశారని తెలిసేదాకా నేను ఎవరికీ చెప్పలేదు.